ఎదుటివాడి కాగితం

పదకొండో భాగం

గతవారం మనోరమను పీకల్లోతు చిక్కులో వదిలేసి మనం మన పనుల్లో పడ్డాం. ఆమెకు ఆ వీలు లేదు. శామీర్‌పేట దాటాక వెలిసిన ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రవర్తన, వాళ్ల తగాదాల పరిష్కారం చూసే ఆఫీసుకు ఆమె పెద్ద. ఆ ఆఫీసు బల్ల మీద రెండు ముక్కలు రాసిన కాగితం ఒకటి ఉంది. “సుజిత్‌ను నేనే నెట్టాను. క్షమించండి. ఇట్లు, అమాన్.”

కథ మధ్యలో వచ్చినవారి కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. 2012 ఆగస్టు. పదకొండు రోజుల కిందట, గురువారం సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో, మూడో సంవత్సరం చదివే సుజిత్ మెకానికల్ వర్క్‌షాపు మెట్ల మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తన క్లాసువాడే అమాన్ నెట్టాడని ఫిర్యాదు ఇచ్చాడు. అంతకు వారం ముందు ఇద్దరూ కలిసి చేసిన ప్రాజెక్టు పోస్టరు మీద అమాన్ పేరు లేకుండా సుజిత్ అచ్చు వేయించడం, క్యాంటీన్‌లో ఇద్దరూ కాలర్లు పట్టుకోవడం అందరూ చూసిందే. కాబట్టి ఫిర్యాదును అనుమానించే అవసరం ఎవరికీ కనిపించలేదు. పైగా మొన్న శుక్రవారం అమాన్ తనంతట తనే తప్పు ఒప్పుకుంటూ ఆ కాగితం తెచ్చిచ్చాడు. రిజిస్ట్రారు గారికి ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకున్నాడు కదా, ఇంకేముంది, ఫైలు పంపేయమన్నారు. మంగళవారం పది గంటలకు కమిటీ. నేరం రాతలో ఒప్పుకున్నవాడికి ఏడాది సస్పెన్షన్ తప్పదని నిబంధన. అమాన్ అత్వెల్లి నుంచి రోజూ బస్సులో వస్తాడు. వాళ్లింట్లో పదో తరగతి దాటినవాడు వాడొక్కడే. ఒక ఏడాది ఇంటికి పంపితే వాడు మళ్లీ ఈ గేటు తొక్కడని మనోరమకు తెలుసు. అందుకే సోమవారం ఒక్కరోజు గడువు అడిగి తీసుకుంది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. తగాదా పడ్డవాళ్లను కమిటీ ముందుకు పంపేముందు విడివిడిగా కూర్చోబెట్టి చెరో కాగితం ఇస్తుంది. ఎవరి గోడు వాళ్లు రాసుకోవడానికి కాదు. ఎదుటివాడి గోడు రాయాలి. తనే ఎదుటివాడైనట్టు, ‘నేను’ అని మొదలుపెట్టి, ఆ రోజు జరిగిందంతా రాయాలి. రాసినవాడు సరేనంటే తప్ప ఆ కాగితం ఆ గది దాటదు. స్టాఫ్ రూములో దీన్ని ‘మనోరమ గారి డిక్టేషన్ క్లాసు’ అని వెక్కిరిస్తారు. వెక్కిరించినవాళ్లే తమ డిపార్టుమెంట్లో గొడవ రాగానే వచ్చి ఆమె తలుపు కొడతారు. నాలుగేళ్లలో సగంమంది కుర్రాళ్లు రాస్తూ రాస్తూ మధ్యలో కలం ఆపేసి, బయటికొచ్చి చేతులు కలుపుకున్నారు. మిగతా సగంమంది బూతులు రాశారు. రెండూ ఆమెకు పనికొచ్చాయి.

సోమవారం తొమ్మిదిన్నరకే అమాన్ వచ్చాడు. రంజాన్ నెల, రోజా ఉపవాసంలో ఉన్నాడు. అటెండర్ లింగం అలవాటుగా మంచినీళ్ల గ్లాసు తెచ్చి, గుమ్మంలో గుర్తొచ్చి, నాలిక్కరుచుకుని తిరిగి పట్టుకెళ్లిపోయాడు. అమాన్ నలభై నిమిషాలు రాశాడు. సుజిత్ అయి రాయమంటే నిజంగా సుజిత్ అయిపోయాడు. స్నేహితుడి పేరు పోస్టరు మీద నుంచి తీసేసి లోలోపల సిగ్గుపడ్డట్టు రాశాడు. చెయ్యి విరిగి ల్యాబ్ పరీక్ష పోయి, ఇంట్లో అమ్మ ముందు ఏడ్చినట్టు రాశాడు. కాలరు పట్టుకున్న మనిషి గురించి ఇంత దయగా రాసిన కాగితం మనోరమ అంతవరకు చూడలేదు. అయితే నెట్టడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క ముక్కతో తేల్చేశాడు. “అమాన్ నన్ను మెట్ల మీద నుంచి నెట్టాడు.” ముందునుంచా, వెనకనుంచా, ఏమంటూ నెట్టాడు, ఏమీ లేదు.

ఇలాంటి చోట ఆమె ప్రశ్నలు వేయదు. ప్రశ్న వేస్తే కుర్రాళ్లు జవాబు తయారు చేసుకుంటారని ఆమె నమ్మకం. నడువు, ఒకసారి ఆ చోటు చూసొద్దాం అని లేచింది.

వర్క్‌షాపుకు రెండు మెట్ల వరసలున్నాయి. లోపల సిమెంటు మెట్లు, వెనకవైపు ఆరుబయట ఇనుప మెట్లు. సుజిత్ పడ్డది బయటి ఇనుప మెట్ల మీద నుంచి. ఫిర్యాదులో అదే ఉంది, చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్ కూడా అదే చెప్పాడు. అమాన్‌కు పంపిన నోటీసులో మాత్రం ‘వర్క్‌షాపు మెట్లు’ అని ఊరుకున్నారు. అమాన్ ముందు నడిచాడు. తిన్నగా లోపలికి వెళ్లి, సిమెంటు మెట్లెక్కి, మలుపు దగ్గర నిలబడ్డాడు. ఇక్కడే మేడమ్ అన్నాడు.

మనోరమ దిగి, బయటికి నడిచి, ఇనుప మెట్ల దగ్గర ఆగింది. వెనకాలే వచ్చిన అమాన్ ఆ మెట్లనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలను ఆమె వందలమందిని చూసింది. చేయక దొరికిపోయినవాడిని చూడటం ఇదే మొదటిసారి.

“ఆ రోజు ఎక్కడున్నవ్ అమాన్?” అంది. కాయితాల మీద ఆఫీసు తెలుగు రాసినా, తన వైపు మనిషి ఎదురుగా ఉంటే ఆమెకు పుట్టి పెరిగిన అల్వాల్ మాటే వస్తుంది.

“ఇంట్ల మేడమ్. ఐదు గంటల బస్సుకే పోయిన. రోజా ఇడిసెటాళ్లకు ఇంట్లనే ఉన్న.”

“మరి నేనే నెట్టిన అని ఎందుకు రాసిచ్చినవ్?”

తన తండ్రి గేటు దగ్గర కూర్చున్నాడనీ, ఆయన్నే అడగమనీ అమాన్ అన్నాడు.

వాళ్ల నాన్న పేరు బాబా మియా. మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలున్న రోజుల్లో తీగ కత్తిరింపుకు తోటల వాళ్లు ఆయన కోసం ఎదురుచూసేవారు. తోటలన్నీ ప్లాట్లయిపోయాక అత్వెల్లిలో ఉన్న ఎకరంలో పాలకూర, కొత్తిమీర వేసుకుని బతుకుతున్నాడు. లింగం వెళ్లి పిలుచుకొస్తే, చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చాడు. విప్పనక్కర్లేదన్నా వినలేదు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. కొడుకు చేయని పనిని ఎందుకు ఒప్పుకున్నాడని మనోరమ అడిగితే ఆయనే ఆశ్చర్యపోయాడు.

“మీరే గదమ్మా ఫోన్ల జెప్పిండ్రు. తప్పు ఒప్పుకుంటే సగం పని అయిపోయినట్టే అని. ఆ మాట పట్టుకొని ఇంటిల్లిపాది కూసొని మాట్లాడుకున్నం. పిలగాడు జెయ్యలేదనే అన్నడు. జెయ్యలేదని నాకూ ఎరికే, రోజా ఇడిసేటప్పుడు నా పక్కన కూసొనే ఖజూర్ తిన్నడు. గని మా మాట ఎవరు నమ్ముతరు, ఇంటోళ్లం గదా. మా ఊర్ల గొడవైతే నలుగుట్ల నిలబడి నాదే తప్పు అన్నమనుకోండ్రి, ఆడికే ఖతం. అసలు జేసింది ఎవరని మల్ల ఎవ్వరూ అడగరు. చదువు ఆగొద్దు బేటా, ఒప్పుకో అని నేనే అన్న.”

ఆ ఫోను మనోరమకు గుర్తుంది. గుర్తుండటానికి ప్రత్యేకంగా ఏమీ లేదు, ఫిర్యాదు వచ్చిన ప్రతి ఇంటికీ ఫోను చేసి ఆమె చెప్పే మాటే అది. ఇతర కాలేజీల వాళ్లు పిలిచి ఉపన్యాసం ఇమ్మంటే అక్కడా చెబుతుంది, చప్పట్లు కొడతారు. తప్పు చేసినవాడి కోసం తయారుచేసుకున్న మాట అది. చేయనివాడి ఇంట్లో ఆ మాట ఏం పని చేస్తుందో ఆమె ఏనాడూ ఆలోచించలేదు. మేడమే దారి చూపించింది అనుకుని, ఆ కుటుంబం ఆమె చెప్పినట్టే చేసింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ పెద్దాయన కళ్లలోకి చూడటానికి మొహం చెల్లలేదు.

అయినా చెప్పక తప్పదు. ఇక్కడి నిబంధనలు ఊరి పెద్దల్లాంటివి కావనీ, రాతలో ఒప్పుకుంటే శిక్ష ఖాయమనీ, ఆ శిక్ష ఒక ఏడాదనీ నిదానంగా చెప్పింది. బాబా మియా విన్నంతా విని, తలపాగా కొస సవరించుకుని, అర్థం కాని పాఠం అడిగే పిల్లవాడిలా అడిగాడు.

“మరి ఒప్పుకుంటే శిక్ష ఎక్కువైతది అన్నప్పుడు, ఒప్పుకొమ్మని ఎందుకు జెప్తరమ్మా?”

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎందరో ప్రొఫెసర్లు, లాయర్లు మనోరమను ఇరుకున పెట్టాలని చూశారు. ఎవరికీ చేతకాలేదు. ఆకుకూరలు పండించుకునే మనిషి ఒక్క ప్రశ్నతో ఆ పని కానిచ్చేశాడు.

దారి బొత్తిగా లేకపోలేదు. కమిటీ కూర్చునే లోపల ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే సుజిత్ ఫిర్యాదు ఎదురుగా నిలబడే ఉంటుంది. ఇటువైపు ఉన్నది తల్లీ తండ్రీ చెల్లెలి మాట. ఇంటివాళ్ల మాట కమిటీ పట్టించుకోదు. అప్పుడు నెట్టడంతోపాటు మాట మార్చాడన్న మచ్చ కూడా అంటుకుని, ఏడాది కాస్తా రెండేళ్లవుతుంది. అమాన్‌కు చదువు దక్కాలంటే ఇక మిగిలింది సుజిత్ నోరు. బాబా మియాను ఇంటికి వెళ్లి స్థిమితంగా ఉండమంది. ఆయన సరేనని చెప్పులేసుకున్నాడు.

సుజిత్ మూడు గంటలకు వచ్చాడు. వెంట తండ్రి చక్రపాణి. కోస్తా వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి, గండిమైసమ్మ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఈ పదకొండు రోజులూ పదకొండింటికల్లా ఫోను చేసి, శిక్ష కోసం కాదండీ, పద్ధతి ప్రకారం జరగాలని అడుగుతున్నాను అనేవాడు. ఆ గురువారం ఆయన కొడుకును చూడటానికి కారులో రావడం, ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎంత అదృష్టమో అని క్యాంపస్ అంతా అనుకుంది. ఇప్పుడు ఆయన్ని సందర్శకుల గదిలో కూర్చోబెట్టి, సుజిత్‌ను లోపలికి తీసుకెళ్లింది.

కుర్రాడు కట్టుకట్టిన చెయ్యి చూపించి, లింగం రాస్తే తను చెబుతానన్నాడు. మనోరమ ఒప్పుకోలేదు. ఎడమచేత్తో రాయి, ఎంతసేపైనా పర్వాలేదు అంది. రోజూ పోయినట్టే మూడున్నరకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన గదిలో కలం కాగితాన్ని గీకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గంటసేపు కష్టపడితే అరపేజీ అయింది. పక్కకు ఒరిగిపోతున్న పెద్ద పెద్ద అక్షరాలు. సుజిత్ దాన్ని ఆమె వైపు జరిపి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మనోరమ చదివింది.

“నేను అమాన్‌ని. ఆ రోజు నేను అక్కడ లేను. రంజాన్ కాబట్టి ఐదు గంటల బస్సుకే వెళ్లిపోతాను. వెళ్తుంటే సుజిత్ చూశాడు కూడా. సాయంత్రం వాడితో ఉన్నది వాళ్ల నాన్న. మూడు సబ్జెక్టులు తప్పినట్టు ఇంట్లో చెప్పలేదని తెలిసి అడగడానికి వచ్చారు. ఫోను లాక్కోబోయారు. సుజిత్ ఇవ్వలేదు. ఆయన విసురుగా తోశారు. పడతాడని ఆయన అనుకోలేదు. ఆసుపత్రిలో ఎవరు తోశారని అందరూ అడిగారు. ఆయన మాట్లాడలేదు. క్యాంటీన్ గొడవ గుర్తొచ్చి సుజిత్ నా పేరు చెప్పాడు. ఆయన అప్పుడు కూడా మాట్లాడలేదు.”

ఆమె రెండోసారి చదవలేదు. కాగితం బోర్లా పెట్టింది. ఇది రేపు కమిటీకి ఇవ్వనిస్తావా అని అడిగింది.

“వద్దు మేడమ్. ఇస్తే నాది కాదంటాను. నా ఎడమచేతి రాత ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?” బెదిరింపులా లేదు ఆ మాట. అడుక్కుంటున్నట్టుగా ఉంది. “నాన్న పేరు నేను చెప్పలేను. ఆయన ఆ రోజు నుంచి అన్నం సరిగా తినట్లేదు.”

“మరి అమాన్ సంగతి?”

సుజిత్ ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “వాడు చేయలేదంటాడు, సాక్ష్యం లేదని కొట్టేస్తారు, అంతే అనుకున్నానండి. ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. వాడెందుకు ఒప్పుకున్నాడో నాకిప్పటికీ అర్థం కావట్లేదు.”

“నా మూలంగా,” అంది మనోరమ.

వాడికి అర్థం కాలేదు. ఆమె విడమర్చి చెప్పలేదు కూడా. సుజిత్ మీద కోపం వచ్చింది, వచ్చినంత వేగంగా పోయింది. ఇరవై ఏళ్ల కుర్రాడు నొప్పిలో నోటికొచ్చిన పేరు చెప్పాడు. పక్కనే నిలబడి విన్న యాభై ఏళ్ల మనిషి సంగతి వేరు. లింగాన్ని పిలిచి అబ్బాయికి టీ ఇప్పించమని, కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. చూపించకూడదని తనే పెట్టుకున్న నియమం. నాలుగేళ్లుగా పిల్లలు ఆ గదిలో నిజం రాస్తున్నది ఆ నియమాన్ని నమ్మే. ఈరోజు అమాన్ కోసం దాన్ని తప్పితే, రేపటినుంచి ఆ గదిలో ఎవరూ ఒక్క నిజం ముక్క రాయరు. తప్పకపోతే అమాన్ రేపు పదింటికి ఇంటిదారి పడతాడు. ఈ రెండింటి మధ్య నలుగుతూ నడవాలో నిలబడి ఆమె ఎంతసేపు ఆలోచించిందో ఆమెకే తెలియదు.

సందర్శకుల గదిలో చక్రపాణి పేపరు మడిచి పెట్టి లేచి నిలబడ్డాడు. ఆమె ఏదీ అడగకముందే తనే మాట కలిపాడు. రేపటితో అయిపోతుంది కదండీ అన్నాడు. ఆ తర్వాత కాస్త తడబడి, ఇందాక ఒక పెద్దాయన వచ్చి వెళ్లాడన్నాడు.

“ఆ కుర్రాడి తండ్రేనండి. గేటు దగ్గర నేనెవరో అడిగి తెలుసుకుని వచ్చాడట. నా చేతులు రెండూ పట్టుకున్నాడు. మా పిలగాన్ని మాఫ్ చెయ్యండ్రి అన్నాడు. వద్దన్నా వదల్లేదండి.”

మనోరమకు ఇంటికి వెళ్లమంటే సరేనన్న ఆ మనిషి మొహం కళ్లముందు మెదిలింది. “మీరేమన్నారు?” అని అడిగింది.

“ఏమంటామండీ.” చక్రపాణి తన చేతులకేసి చూసుకున్నాడు. “క్షమించానని చెప్పి పంపేశాను.”

అంతవరకు ఆమెకు ఏ దారీ తోచలేదు. ఆ మాట విన్నాక తోచింది. కాగితం చూపించనని పిల్లలకు మాటిచ్చింది, నిజమే. అందులోని మాట ఒక్కటి కూడా బయట పెట్టదు. కానీ పెద్దవాళ్లను ప్రశ్న అడగనని ఎవరికీ మాటివ్వలేదు. కుర్రాళ్లను ప్రశ్నించడానికి వెనకాడే మనిషి, తలుపు దగ్గరగా వేసి, ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆయన్నూ కూర్చోమంది.

“చక్రపాణి గారూ, ఈ ఫైల్లో అందరినీ అడిగాను. ఒక్క మిమ్మల్నే అడగలేదు. ఆ గురువారం సాయంత్రం ఆరున్నరకు మీరెక్కడున్నారు?”

చక్రపాణి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా అలాగే చేతిలో పట్టుకున్నాడు. చెప్పాల్సిన అబద్ధం దగ్గరే ఉంది, అప్పుడే గేటు దగ్గర కారు దిగాను అంటే సరిపోతుంది. ఆమె కూడా ఆ అబద్ధం కోసమే ఎదురుచూస్తోంది. ఆయన అవతలి గదిలోకి వినపడకూడదన్నంత చిన్నగా అడిగాడు.

“వాడు చెప్పేశాడా అండీ?”